తేలికైన తుపాకి

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 19:4-6, 22:6-8, మత్తయి 10:29



గడచిన కోతల కాలములో, ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట, సంఘ సభ్యులొకరు మందిరపు అరుగుమీద మమ్మును ఆపిరి. నరసాపురమునకు దిగువను వారికి చేపల చెరువులున్నవి. "అయ్యగారండీ, మా తాతగారి తుపాకి లైసెన్సు నా పేరుకి మారిందండి. ఆ పాతది నేను మొయ్యలేను. ఇరవై బోరు పంపు తుపాకి చాలా తేలికంట. కొంగలూ నీటికాకులూ చెరువుని బతకనివ్వటం లేదు. కొనుక్కుంటే తప్పా అండి?" అని అడిగిరి. ఆ దినమున అవునని గాని కాదని గాని చెప్పలేకపోతిమి. ఇప్పుడు అందరమును కలిసి ఆలోచింతము.

మొదట ఆ వస్తువెట్టిదో తెలిసికొందము. 12 బోరు అనగా, ఆ గొట్టములో సరిగా పట్టు సీసపు గుండ్లు 12 కలిసి ఒక పౌను తూగును. 20 బోరైనచో 20 గుండ్లు కలిసి తూగును. కావున అంకె పెరిగిన కొలది గొట్టము సన్నమగును, తుపాకి తేలికగును. పంపు తుపాకిలో గొట్టము క్రింది పిడిని వెనుకకు లాగి ముందుకు త్రోసిన చాలును. కాలిన తూటా బయటపడి మరియొకటి లోనికెక్కును. అయితే ఒకటి గమనించుడి. తూటా ఒక్కటే అయినపుడు, తేలికైన తుపాకియే భుజమును గట్టిగా తన్నును. చేతికి తగ్గిన బరువు ఎక్కడికిని పోలేదు.

దేవుని ధర్మశాస్త్రము మన పగనే గాక మన అజాగ్రత్తను కూడ లెక్క అడుగును. చెట్టు నరుకువాని గొడ్డలి ఊడి పొరుగువానిని చంపినచో, పగ యేమియు లేకపోయినను వాడు ఆశ్రయపురమునకు పరుగెత్తవలసినదే. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టనియెడల, పడినవాని రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చును. ఆ పిట్టగోడ ఆజ్ఞకు ముందరనే, తల్లిపక్షిని పిల్లలతో కూడ పట్టరాదను ఆజ్ఞ యున్నది. మనుష్యుని ప్రాణమును, పక్షి ప్రాణమును ఒకే చోట తలంచుకొనిన దేవుడాయన.

మా బాల్యమున ఒక బంధువు వెంట కాలువగట్టుకు వెళ్లితిమి. వారిది ఒంటిగొట్టపు తుపాకి. కొంగ పడెను. తెమ్మని మమ్మును తుంగలోనికి పంపిరి. అది చావలేదు. రెక్క విరిగి మమ్మును చూచుచుండెను. ఎత్తుటకు చేతులాడక, దొరకలేదని అబద్ధమాడి వచ్చితిమి. ఆ రాత్రి అన్నము తినుచుండగా అది ఇంకను అక్కడనే యున్నదని మాకు తెలియును. కాల్చినవారము మేము కాము. అయినను ఆ లెక్కలో మా పాలును కలదు.

ఒంటిగొట్టము గలవాడు ఒకసారి కాల్చి, తెరచి, తూటా మార్చవలెను. పడినదానిని చూచుటకును, చాలుననుకొనుటకును ఆ కొంచెము తీరిక యుండెను. పంపు తుపాకి ఆ తీరికను తీసివేయును. "రెండవ దెబ్బ గాయపడిన ప్రాణిని త్వరగా బాధనుండి విడిపించును గదా" అని యొకరు అనవచ్చును. నిజమే. కాని రెండవది సిద్ధముగా ఉన్నదని మొదటి దెబ్బను అజాగ్రత్తగా వేయువానికి అది దయ కాదు, సాకు మాత్రమే.

శాసనము సంగతియు వినుడి. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి ఉంచరాదు; 2019 సవరణతో సాధారణముగా ఒకరికి రెండింటికి మించి ఉండరాదు. కొంగలను, నీటికాకులను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. లైసెన్సు తుపాకికే గాని పక్షి ప్రాణమునకు కాదు. మనకు పొరుగుననున్న కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. శీతకాలమున దూరదేశములనుండి బాతులు అక్కడికి వచ్చును. నీటిలో పడిన సీసపు రవ్వలను ఇసుకరాళ్లనుకొని మ్రింగిన బాతులు విషమెక్కి చచ్చును. గురి తప్పిన దెబ్బ కూడ ఈలాగు చంపగలదు.

సహోదరుని నష్టము చిన్నది కాదు. అప్పుచేసి చేపపిల్లను వదలినవాడు, తెల్లవారుజామున కొంగల బారును చూచినపుడు వాని గుండె యెట్లుండునో మేమెరుగుదుము. వల కప్పుటయు, తాళ్లు కట్టుటయు, డబ్బా మ్రోగించు కాపలా మనిషిని పెట్టుటయు ఖర్చుతో కూడిన పనులే. అయినను అవి పక్షిని తోలును గాని చంపవు.

కావున మా జవాబిది. చట్టప్రకారము ఆత్మరక్షణకై తుపాకి ఉంచుకొనుట పాపమని మేము చెప్పము. కొంగల కొరకైతే కొనవద్దు. ఇంట ఉన్నయెడల తుపాకిని తాళములోను, తూటాలను వేరొక చోటను ఉంచుడి. అదే మీ పిట్టగోడ. మీకు తేలికైనది మీ పిల్లవాని చేతికిని తేలికయే అని మరువకుడి.

పిచ్చుక నేల పడుట తండ్రి యెరుగును. తుంగలోని ఆ కొంగ సంగతియు ఆయన యెరుగును. ఆ యెరుక మనలను సిగ్గుపరచుటకే గాక, ఇకమీదట మన చేతిని ఆపుటకును తోడ్పడును గాక. ఆమేన్.