విరాసత్ ఎవరిది? లెక్క ఎవరిది?

పనీపాటా లేనివాణ్ని చూసి తెలుగులో ‘నవాబులా కూర్చున్నాడు’ అంటారు. ఆ మాటకు మాకు కోపం లేదు. కానీ పంక్చర్లు వేసుకుని బతికే మావాణ్ని పట్టుకుని ‘మీరు ఏలినోళ్లు కదా’ అన్నప్పుడు ఆ నవాబు మా నెత్తినెక్కి కూర్చుంటాడు. దూది ఏకినవాళ్లకు, బీడీలు చుట్టినవాళ్లకు, రిక్షా తొక్కినవాళ్లకు నిజాం ఎప్పుడు తాతయ్యాడు? 1948 పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడా పల్లెల్లో సామాన్య ముస్లింలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు.

అసలు వారసుడు వేరే ఉన్నాడు. ముకర్రం జా 1933లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో పుట్టాడు. తల్లి దుర్రు షెహ్వార్ ఆఖరి ఉస్మానీ ఖలీఫా కూతురు. చదువు డూన్ స్కూల్లో, హారోలో, కేంబ్రిడ్జిలో. తాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కన్నకొడుకును కాదని ఈ మనవణ్ని వారసుడిగా ఎంచాడు. 1967లో తాత పోయేనాటికి రాజ్యం లేదు. మహళ్లు, నగలు, వేలమంది నౌకర్లు, కోర్టు దావాలు మిగిలాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం కొని, బుల్డోజర్లు నడుపుతూ గడిపాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే హైదరాబాదు తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.

ఈ మనిషిని ఏ తక్కెడలో తూచాలి? అలా పుట్టడమే నేరమంటే మేము ఒప్పుకోం. ఒప్పుకుంటే పుట్టుక పేరుతో మామీద వేసే నిందనూ ఒప్పుకున్నట్టే. పుట్టుక ఎవరి సంపాదనా కాదు, ఎవరి నేరమూ కాదు. మాకు ఏ న్యాయం అడుగుతున్నామో ఆయనకూ అదే.

అయితే పుట్టడం వేరు, పట్టుకుని ఉండటం వేరు. ఉర్దూలో రెండు మాటలున్నాయి. విరాసత్ అంటే పెద్దలనుంచి వచ్చింది. అమానత్ అంటే ఒకరి సొమ్ము మన దగ్గర ఉన్నది, తిరిగి అప్పజెప్పాల్సింది. ఆ ఖజానా వెనక తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల చెమట ఉంది. వాళ్లలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. అది అమానత్. దర్బారు దాన్ని విరాసత్‌గా రాసుకుంది. అందుకే 1995లో ఆ నగల్ని కేంద్ర ప్రభుత్వం సుమారు 218 కోట్లు పెట్టి కొనాల్సి వచ్చింది. జనం సొమ్ముకు జనమే రెండోసారి వెల కట్టారు.

ఆయనకు ఆ బరువు ఇష్టం లేదని, యంత్రాల మధ్యే హాయిగా ఉన్నాడని అంటారు. కావచ్చు. కానీ బరువు వదిలి దూరం వెళ్లడం, దాన్ని సొంతదారుకు అప్పజెప్పడం ఒకటి కాదు. ఆయన మాజీ భార్య ఎస్రా చొరవతో బాగుపడిన చౌమహల్లా 2005లో జనానికి తెరుచుకుంది. మా లెక్కలో అది అమానత్‌లో చిన్న వాయిదా.

పాత వైభవం తలచుకుని మీసం మెలేసేవాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్లకు ఒక్కమాట: వైభవం మాదంటే వెట్టి లెక్క కూడా మాదే అవుతుంది. ఆ రెండూ మాకొద్దు. సెక్యులర్ మిత్రులకు ఇంకోమాట: ఖజానా ఎవరి ఇంట చేరిందో అక్కడే లెక్క అడగండి. మాకు దక్కిన విరాసత్ రెండు భాషలు, ఇంత చేతిపని. దానికి లెక్క ఎప్పుడడిగినా చెబుతాం.