ఎవరి మూట ఎవరు మోయవలెను?

చదువుకొనవలసిన వేదభాగము: గలతీయులకు 6:1–10

స్పెయిను దేశమునకు వాయవ్య మూలను శాంతియాగో దె కొంపొస్తెలా అను పట్టణము కలదు. జెబెదయి కుమారుడైన యాకోబు దేహము అక్కడ సమాధి చేయబడియున్నదని తొమ్మిదవ శతాబ్దము మొదలుకొని ఆ దేశస్థులు చెప్పుకొనుచున్నారు. హేరోదు ఈ యాకోబును ఖడ్గముతో చంపించెనని అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో చదువుచున్నాము. అతని దేహము స్పెయినుకు వచ్చెనని మాత్రము లేఖనములలో ఒక్క మాటయైనను లేదు. అయినను వెయ్యి సంవత్సరములకు పైగా జనులు ఆ చోటికి నడచుచునే యున్నారు. ఫ్రాన్సు సరిహద్దున పిరెనీసు కొండల క్రిందనుండి బయలుదేరువారికి అది సుమారు 780 కిలోమీటర్ల నడక. విశాఖపట్టణమునుండి చెన్నైకి రైలుదారి ఎంతయో ఇంచుమించు అంత. అయిదు వారములు పట్టును.

ఈ నడకవలన పాపక్షమాపణ సంపాదించుకొనవచ్చునని మధ్యయుగములలో నమ్మిరి. కలిగినవాడు తన బదులు నడచుటకు కూలికి మనిషిని పెట్టుకొనుటయు, చనిపోవువాడు తన పేర ఎవరినైన పంపుమని వీలునామాలో సొమ్ము వ్రాయుటయు ఆ దినములలో ఉండెను. 1520లో మార్టిన్ లూథరు జర్మను ప్రభువులకు వ్రాసిన పత్రికలో రోమా యాత్రలను గూర్చి గట్టిగా మాటలాడెను. దేవుడు ఆజ్ఞాపింపని ప్రయాణమునకు ఒకడు సొమ్మంతయు వ్యయపరచి, ఇంటియొద్ద భార్యాబిడ్డలను, పొరుగువారిని ఇబ్బందిలో విడిచిపోవుట ఏపాటి భక్తియని ఆయన వాదము. ఇది మనమెరిగినదే. అయితే అక్కడనే ఆయన మరియొక మాట చెప్పెను. దానిని మనవారు తరచుగా విడిచిపెట్టుదురు. దేశములను, పట్టణములను చూడవలెనను ఆశతో వెళ్లగోరువానిని వెళ్లనిమ్మనెను. పుణ్యము కొరకైతే వద్దు, చూచుటకైతే పొమ్ము! నేడు ఆ దారిని నడచువారిలో అనేకులు ఈ రెండవ తరగతివారే.

2024లో సుమారు 4,99,000 మంది ఆ పట్టణము చేరి యాత్రాపత్రము పుచ్చుకొనిరి. అందరును దారియంతయు నడువలేదు. కాలినడకను 100 కిలోమీటర్లు, సైకిలు మీదనైతే 200 వచ్చినను పత్రమిత్తురు. కనుక సరియా అను ఊరినుండి, అనగా చివరి 115 కిలోమీటర్లు మాత్రమే నడచువారు మిక్కిలి హెచ్చు. ఇంకొక సంగతి. యాత్రికుని సంచిని ఉదయమున వ్యానులో ఎక్కించుకొని, ఆ రాత్రి అతడు బసచేయు చోట దించు వ్యాపారస్థులు ఆ దారి పొడవునను ఉన్నారు. కొద్దిపాటి సొమ్మిచ్చినయెడల యాత్రికుడు నీళ్ల సీసాతో తేలికగా నడచిపోవచ్చును.

ఇక్కడ తగవు పుట్టినది. ఫ్రాన్సునుండి వీపున సంచి మోసికొని వచ్చినవారు, సరియానుండి ఉత్తచేతులతో వచ్చినవారిని చూచి, వీరు యాత్రికులు కారు, విహారమునకు వచ్చినవారని సణుగుదురు. ద్రాక్షతోటలో ఉదయము మొదలు ఎండలో పనిచేసిన కూలివారు సాయంకాలమున ఏమని సణిగిరో మత్తయి 20వ అధ్యాయము చదివినవారికి జ్ఞాపకమునకు వచ్చును. రోమా యాత్రలోని పుణ్యమును త్రోసివేసిన వంశములో పుట్టినవాడును పుణ్యపు లెక్కను మరియొక విధముగా వ్రాసికొనగలడు: నేనిన్ని కిలోమీటర్లు, నా సంచి ఇంత బరువు, నా పాదములకు ఇన్ని పొక్కులు. ఆ రోగము స్పెయినులోనే ఉన్నదనుకొనవద్దు.

అయితే సంచిని సొమ్మిచ్చి పంపుట సరియేనా? అపొస్తలుడైన పౌలు ఒకే అధ్యాయములో రెండు మాటలు వ్రాసెను. రెండవ వచనములో ఒకరి భారములు ఒకరు భరింపవలెనని చెప్పి, అయిదవ వచనములో ఎవని బరువు వాడే మోసికొనవలెనన్నాడు. తప్పు పట్టువారు ఇది పొందికలేని మాట అందురు. గ్రీకు భాషలో ఆ రెండు చోట్లను రెండు వేరు మాటలున్నవి. మొదటిది మనుష్యుని క్రుంగదీయు భారము: తప్పిదములో పడినవాని సిగ్గు, రోగము, దుఃఖము. రెండవది ప్రతివానికి తన వంతుగా వచ్చిన మూట. ఎవని మనస్సాక్షిని వాడే మోయవలెను. కూలికి పెట్టిన మనిషిచేత దానిని శాంతియాగోకు పంపుటకు వీలులేదు.

ఈ కొలతతో చూచినయెడల, మోకాళ్లు అరిగిన ముసలి తల్లి సంచిని వ్యాను తెచ్చినందున ఆమెకు ఏమియు తక్కువ కాలేదు. బలముగల పడుచువాడు సొమ్మిచ్చి పంపిననైనను పాపమని చెప్పను. గాని వాని భుజములు ఖాళీగా ఉన్నవి గదా! ప్రక్కను ఒకడు కుంటుచు నడచుచుండగా ఆ భుజములు ఏమి చేయుచున్నవని అడుగుదును. రోమా సైనికుని మూటను ఒక మైలు మోయుమని బలవంతము చేసినయెడల రెండు మైళ్లు పొమ్మని ప్రభువు కొండమీద చెప్పెను. అక్కడ బలవంతము చేయుటకు వాడిన గ్రీకు క్రియయే, కురేనీయుడైన సీమోను చేత సిలువ మోయించిన చోటను మత్తయి వాడెను. ప్రభువు తన మూటను ఆ దినమున కొంతదూరము పరాయి ఊరివాని భుజముమీద పోనిచ్చెను. అందుచేత ఆయన నడక కొరతపడెనని ఎవడనగలడు?

ఆ దారిలో కొండ ఎక్కిన తరువాత, సుమారు 1,500 మీటర్ల ఎత్తున, పొడవైన కొయ్యస్తంభము మీద చిన్న ఇనుప సిలువయొకటి నిలిచియున్నది. ఇంటియొద్దనుండి తెచ్చిన రాతిని దాని క్రింద వేసి తమ బరువు దించుకొంటిమని యాత్రికులు చెప్పుదురు. ‘యాత్రికుని ప్రయాణము’ చదివిన మన పాఠకులకు ఇది తెలిసిన దృశ్యమువలె తోచును. గాని 1678లో అచ్చయిన ఆ గ్రంథములో యాత్రికుడు మూటను దించలేదు. సిలువను చూడగా అదే వీపునుండి జారిపోయెను. ఈ భేదము చిన్నది కాదు. అయినను చనిపోయిన బిడ్డ పేర ఆ రాయి మోసికొని వచ్చిన తల్లితో అక్కడ నిలిచి ఈ వాదము చేయుట నాకిష్టము లేదు.

ఆ దారిలో అందరికంటె పేరు పొందిన సేవకుడు దొమింగో. సన్న్యాసి కావలెనని కోరగా మఠములవారు అతనిని చేర్చుకొనలేదని చెప్పుదురు. అప్పుడతడు ఓహా నది యొద్ద నిలిచి, యాత్రికుల కొరకు రాతిబాట పరచి, వంతెన కట్టి, వారికి ఒక సత్రము లేపి, 1109లో చనిపోయెను. ఆ ఊరు నేటికిని అతని పేరనే, బాటవాడైన పరిశుద్ధ దొమింగో అని పిలువబడుచున్నది. అక్కడికి ఏడు కిలోమీటర్ల దూరములో గ్రాన్యోన్ అను పల్లెయొకటి కలదు. ఆ పల్లె దేవాలయమును ఆనుకొనియున్న గదులలో యాత్రికులు నేలమీద చాపలు పరచుకొని పండుకొందురు. బసకు వెల లేదు. మూతలేని పెట్టె యొకటి ఉన్నది; కలిగినవాడు అందులో వేయును, లేనివాడు అందులోనుండి తీసికొనును. అక్కడ వండిపెట్టువారు జీతగాండ్రు కారు. ఒకప్పుడు తామును ఆ దారిని నడచి, ఇప్పుడు రెండు వారములు సేవ చేయుటకు వచ్చినవారు. ఉదయమున అందరు వెళ్లిన తరువాత వారు చాపలు దులిపి, నేల తుడిచి, ఆ సాయంకాలము రానైయున్నవారి కొరకు కూరగాయలు తరుగుటకు కూర్చుందురు.