ఇంజన్ బాగున్నప్పుడే

ఆటోనగర్, విజయవాడ



లారీ కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సెకండ్ హ్యాండ్ అయినా కామన్ రైల్ బండి, పది టైర్లు, చీమకుర్తి గ్రానైట్ కిరాయి కూడా కుదిరిందంటే చాలా సంతోషించాను. తర్వాత నువ్వు పంపిన ఫొటోలు చూశాను. క్యాబిన్‌కు కొత్త రంగు, ముందు వరసగా ఎల్ఈడీ లైట్లు, గాలి హారను. తప్పు పట్టను, తొలి బండికి ఆ ముచ్చట ఉంటుంది. కానీ ఫైనాన్స్ కిస్తీ పోగా చేతిలో మిగిలిన డబ్బులో మొదటి వాటా ఇంజన్‌దే. ఇంజన్ పని పడిందంటే లక్షలు పోతాయి, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిస్తీ మాత్రం ఆగదు. అందుకే నిన్ను కూర్చోబెట్టి చెప్పాల్సిన మాటలు ఉత్తరంలో రాస్తున్నాను.

ఇంజన్ ప్రాణం తీసేది చాలాసార్లు చిన్న సామానే. మన టాటా లారీల్లో ఒకప్పుడు వచ్చిన 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజన్ గుర్తుందిగా, ఎంత లోడైనా లాగే మొండిది. ఆ కుటుంబం ఇంజన్నే అమెరికాలో 1989 మోడల్ నుంచి డాడ్జ్ పికప్‌లకు పెట్టారు. టైమింగ్ గేర్ల కేసు పక్కకు జరగకుండా అందులో ఒక చిన్న ఉక్కు పిన్ను ఉంటుంది. ఏళ్ల తరబడి అదురుకు ఆ పిన్ను మెల్లగా జారి బయటికొచ్చేది. అదృష్టం బాగుంటే ఆయిల్ చాంబర్‌లో పడి ఊరుకునేది. లేకపోతే తిరుగుతున్న గేర్ల మధ్య పడి పళ్లు విరిచేది, కేసు పగలగొట్టేది. 2002 దాకా వచ్చిన ఇంజన్లకు ఈ బెడద ఉంది. దానికి మందు, పక్క బోల్టు కింద చిన్న ఇనప రేకు పెట్టి ఆ పిన్ను రంధ్రానికి అడ్డం బిగించడమే. రేకు ఖరీదెంత? ఏమీ కాదు. ముందు కవరు విప్పడమే అసలు పని. ఏ చప్పుడూ లేకుండా బండి చక్కగా నడుస్తున్న రోజున, కిరాయి మానుకుని విప్పించాలి. ఓనర్లకు మనసొప్పనిది అక్కడే. ముందుగా పెట్టిన డబ్బు దేన్ని కాపాడిందో ఎప్పటికీ కంటికి కనబడదు. అయినా పెట్టగలగాలి, నాయనా.

నీ బండికి మొదట చూడాల్సింది నీళ్లు. ధాబా దగ్గర బోరు నీళ్లు పట్టి రేడియేటర్‌లో పోసే అలవాటు మన రోడ్ల మీద ఇంకా పోలేదు. ఆ నీళ్లలోని ఉప్పు పెచ్చులు కట్టి రేడియేటర్ గొట్టాలను పూడ్చేస్తుంది. అంతకు మించిన కీడు లైనర్ దగ్గర ఉంది. లైనర్ చుట్టూ నేరుగా నీళ్లు తిరిగే ఇంజన్లలో, పిస్టన్ కొట్టుడుకు లైనర్ సన్నగా అదురుతుంది. ఆ అదురుకు వెలుపలి గోడ మీద బుడగలు పుట్టి అక్కడికక్కడే పగులుతుంటాయి. పగిలిన ప్రతిసారీ ఇనుమును కాస్త కొరుకుతాయి. షెడ్డులో పీకి పడేసిన పాత లైనర్‌ను వెలుతురులో తిప్పి చూడు. లోపల నున్నగానే ఉంటుంది, వెలుపల ఒక పక్కన మాత్రం సూదితో పొడిచినట్టు గుంటలు. వాటిలో ఒక్కటి లోపలికి తేలినా నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి, ఆయిల్ తెల్లబడుతుంది, బేరింగులు పోతాయి, వాటి వెంట క్రాంకు. కూలెంట్‌లో ఉండే మందు లైనర్ మీద సన్నని పొర కట్టి దీన్ని అడ్డుకుంటుంది. అందుకని మొత్తం కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పోయించు. కలిపిన డబ్బా ఒకటి ఎప్పుడూ బండిలో ఉండాలి, దారిలో తగ్గితే అదే పోయాలి. హోసు పైపులు, క్లిప్పులు, బెల్టు కూడా ఈ దెబ్బతోనే మార్చెయ్. థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని ఎవరన్నా చెబితే వినకు. చాలా ఇంజన్లలో అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే వెనక్కి తిరుగుతుంది. లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు వేడెక్కించేది అదే.

తర్వాత డీజిల్. ఇంజెక్టర్లకూ, చాలా రకాల పంపులకూ డీజిల్ తప్ప వేరే జిడ్డు లేదు. లారీ టైరుకు మనం 110, 120 పౌండ్ల గాలి కొట్టిస్తాం. కామన్ రైల్‌లో 1,600 బార్ ప్రెషర్ అంటే అదే లెక్కన 23,000 పౌండ్లు. అక్కడికి నీరు చేరితే ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి, పంపులో రాలిన పొడి రైలుకూ ఇంజెక్టర్లకూ పాకి అన్నిటినీ ఒకేసారి పాడుచేస్తుంది. కింద నీళ్లు వదిలే కాక్ ఉన్న మంచి వాటర్ సెపరేటర్ పెట్టించు. పొద్దున్నే కాక్ తిప్పి కాస్త గాజు సీసాలోకి వదిలితే, నీరుంటే అడుగున నిలబడి కనిపిస్తుంది. డ్రమ్ముల్లో చవగ్గా దొరికే డీజిల్ జోలికి పోకు. ఇంజన్ మాట అటుంచు, అది ఎలా వచ్చిందో తెలిసి కూడా కొనడం మన ఇంటావంటా లేదు.

క్వారీ దుమ్ము సంగతి వేరే చెప్పాలా? ఎయిర్ ఫిల్టర్ గాలి కొట్టి మళ్లీ వాడొద్దు, కాగితానికి చిల్లులు పడతాయి. ఫిల్టర్ నుంచి టర్బోకు పోయే రబ్బరు పైపు మడతల్లో చీలిక ఉందేమో వేలితో తడిమి చూసుకో.

ఇవన్నీ చేయించాక వాటర్ లెవెల్ అలారం కూడా పెట్టించాలి. నీళ్లు మొత్తం కారిపోయాయంటే టెంపరేచర్ ముల్లును నమ్మలేం. దాని సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. వట్టి గాలిలో మిగిలితే లోపల ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందికే దిగొచ్చు. సరే, అలారం పెట్టించావు, ఒక అర్ధరాత్రి అది మోగింది. బండి ఆపాల్సింది డ్రైవరు. ఆపితే ఓనరు తిడతాడని, లేటయితే బత్తా కోస్తాడని భయం ఉంటే అతను ఆపడు, ధాబా దాకా పోదాంలే అనుకుంటాడు. ఇంజన్లు పట్టేసేది ఆ కాస్త దూరంలోనే. ఆగినందుకు కిరాయి పోతే ఆ నష్టం నీది, అతనిది కాదు. తీరా చూస్తే ఏమీ లేదని తేలినా పల్లెత్తు మాట అనకు. ఒకసారి అన్నావంటే రెండోసారి ఆపడు. ఓనరుగా నిన్ను నేను కోరేది అన్నిటికంటే ఇదే.

ఈ లోడు దించాక బండిని నేరుగా ఆటోనగర్‌కు తీసుకురా. పనికి రెండు రోజులు పట్టొచ్చు. కిస్తీకి తక్కువైతే నేను సర్దుతాను. డ్రైవరును కూడా వెంటబెట్టుకుని రా, అలారం ఎక్కడ పెడితే లోడు బండి చప్పుడులో తనకు బాగా వినబడుతుందో అతన్నే అడిగి బిగిద్దాం.

మీ పెదనాన్న