మూడో గీత

ఎడారి అంచున ఒక పల్లెలో చిన్న కాలేజీ ఉండేది. పరీక్షల్లేవు, పట్టాల్లేవు. అమ్మమ్మలు, నాయనమ్మలు ఆరు నెలలు అక్కడే ఉండి, సోలార్ దీపాలు చేయడం నేర్చుకుని ఊళ్లకు వెళ్లేవాళ్లు. నేర్పే ఆవిడ కూడా బడి గడప తొక్కిన మనిషి కాదు.

స్టోరు చూసుకోవడానికి కొత్తగా ఒక గుమాస్తా వచ్చాడు. డిగ్రీ చదివినవాడు. వారం తిరక్కుండానే రెసిస్టర్లన్నీ డబ్బాల్లో సర్ది చీటీలు అంటించాడు: 220 ఓమ్‌లు, 22 వేల ఓమ్‌లు అని. "సంతకం రానివాళ్ల చేతికి కరెంటు సామానట! ఇదేం కాలేజీ!" అని ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నవ్వాడు.

మర్నాడు ఒక అవ్వ బిగించిన దీపం మిణుగురులా మినుకుమని ఊరుకుంది. గుమాస్తా డబ్బా చూపించాడు.

"220 అని రాసే ఉంది. నీకే బిగించడం రాలేదు."

అవ్వ డబ్బాలోంచి వడ్లగింజంత ముక్క ఒకటి తీసి వెలుతురుకేసి పట్టుకుంది.

"ఎరుపు, ఎరుపు, నారింజ. మాకు కావాల్సింది ఎరుపు, ఎరుపు, గోధుమ. మూడో గీత తేడా బాబూ."

చీటీలు తారుమారయ్యాయి! రెండు ఎరుపు గీతలంటే 22; మూడో గీత గోధుమ అయితే దాని పక్కన ఒక సున్నా, నారింజ అయితే మూడు. వందలకొద్దీ లెక్కపెట్టి సర్దాడు గానీ, వాటి ఒంటి మీదే రాత ఉందని అతనికి తెలీదు.

సాయంత్రం స్టోరుకు తాళం వేసి, వెళ్లి అవ్వ పక్కన చాప మీద కూర్చున్నాడు. "గోధుమ, నలుపు, ఎరుపు... ఇది ఎక్కడ పెడతారవ్వా?"

మర్నాటికి ప్రతి డబ్బా మీదా అంకె పక్కన మూడు రంగు గీతలు వెలిశాయి.

కథ కల్పితమే గానీ ఇలాంటి కాలేజీ ఉంది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన సంస్థే బేర్‌ఫుట్ కాలేజీగా పేరుపొందింది. చదువురాని ఆడవాళ్లు, ఆఫ్రికా పల్లెల అమ్మమ్మలు సహా, రంగుల గుర్తులతోనూ సైగలతోనూ అక్కడ సోలార్ పని నేర్చుకున్నారు. చేతికి పట్టా వస్తే పట్నం బాట పడతారని పట్టాలు ఇవ్వరు.

నీతి: చదువు చెప్పే చోట జీతానికి చేరినవాడు తానూ విద్యార్థేనని మరిచిపోతే, రోజూ పట్టుకునే సామాను మీది రాత కూడా అతనికి కనబడదు.