పరిశోధకుడి అప్పు

ఒకరి బాధ మరొకరికి పాండిత్యం అవుతున్నప్పుడు ఆ ఇద్దరి మధ్యా వుండే సంబంధం ఎటువంటిది? వైద్యశాస్త్రం అంతటికీ వర్తించే ప్రశ్న ఇది. కాని స్కిజోఫ్రీనియా మీద పరిశోధన చేసే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వచ్చేసరికి అది మరీ పదునెక్కుతుంది. క్షయరోగి తన ఊపిరితిత్తులను డాక్టరుకు చూపిస్తాడు. స్కిజోఫ్రీనియా రోగి చూపించేది తన భయాలను, తనకు మాత్రమే వినిపించే గొంతులను, తన ఇంటి గుట్టును. పరిశోధకుడి ఉద్యోగ జీవితమంతా ఆ మాటల మీదనే లేస్తుంది.

నేను వుండే బోయిన్‌పల్లిలో ఇది కేవలం పుస్తకాల ప్రశ్న కాదు. ఇక్కడి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం 1984లో స్థాపించిన జాతీయ సంస్థ వున్నది. బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లలను పరీక్షించడం, వారికి పాఠాలు చెప్పేవారిని తయారుచేయడం దాని పని. ఆ పిల్లల స్థితి వేరు, స్కిజోఫ్రీనియా వేరు. మొదటిది పుట్టుకతోనో బాల్యంలోనో కనిపించే లోపం. రెండవది చాలావరకు యౌవనంలో, చదువుకుంటున్న మనిషినీ పనిచేసుకుంటున్న మనిషినీ పట్టుకునే జబ్బు. దానికి వెళ్ళవలసింది ఎర్రగడ్డ ఆసుపత్రికి. కాని వీధిలో రెండింటికీ ఒకటే మాట: పిచ్చి. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనడం మన నగరంలో ఒక తిట్టు. ఈ రెంటినీ విడదీసి చెప్పగలవాడు సైకాలజిస్టు. అంటే అతని చదువుకు సమాజంలో నిజమైన పని వున్నది. ఆ సంగతి మొదటనే ఒప్పుకుందాం.

ఆ చదువు ఎలా సాగుతుంది? ఎం.ఏ. తర్వాత ఆసుపత్రిలో శిక్షణ, 1992 చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలిలో రిజిస్ట్రేషను, ఆపైన పిహెచ్.డి. పరిశోధనకు కొలమానాలు కావాలి. 1987లో వెలువడిన పాన్స్ అనే కొలమానంలో ముప్పై అంశాలుంటాయి. ఒక్కొక్క దానికి ఒకటి నుంచి ఏడు వరకు మార్కులు. "పక్కింటివాళ్ళు గోడలోంచి నన్ను తిడుతున్నా"రని రోగి తెలుగులో చెప్పిన మాట ఒక అంకె అవుతుంది. వంద మంది అంకెలు కలిస్తే పట్టిక అవుతుంది. పట్టిక ఇంగ్లీషులో వ్యాసమవుతుంది. వ్యాసాలు లెక్కకు వచ్చి ప్రమోషనవుతాయి. మాట చెప్పినవాడు మాత్రం ఆ వ్యాసాన్ని ఎన్నడూ చూడడు.

ఇది దోపిడీయేనా? మనలో కొందరు తొందరపడి అవునంటారు. నేను అనను. మిల్లు యజమాని కూలివాని శ్రమలో కొంత భాగాన్ని కాజేస్తాడు. కూలివానికి ఆ మేరకు తక్కువవుతుంది. రోగి చెప్పిన మాటను రాసుకున్నంత మాత్రాన రోగికి తరిగేది లేదు. పైగా పరిశోధన లేకపోతే 1952లో పారిస్‌లో మొదలైన క్లోర్‌ప్రొమజీన్ చికిత్స వుండేది కాదు. రోగులు గొలుసుల్లోనే వుండేవారు. కనక దీన్ని దోపిడీ అనడం కన్న అప్పు అనడం సరైనది. అప్పు చేయడం తప్పు కాదు. తీర్చకపోవడం తప్పు.

అప్పు ఎలా పేరుకుంటుందో ఒక ప్రసిద్ధ పరిశోధన చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర తొమ్మిది దేశాల్లో 1,202 మంది రోగులను పరిశీలించింది. మన దేశం నుంచి ఆగ్రా కేంద్రం అందులో వున్నది. రెండేళ్ళ తర్వాత చూస్తే లండన్, వాషింగ్టన్ రోగుల కన్న ఆగ్రా, ఇబడాన్ రోగులు మెరుగ్గా వున్నారని తేలింది. వెంటనే మన ఉమ్మడి కుటుంబానికి మేళతాళాలు మోగాయి. పాశ్చాత్యులు రోగిని ఆసుపత్రిలో పారేస్తారనీ, మనం గుండెల్లో పెట్టుకుంటామనీ ఎన్ని ఉపన్యాసాలు!

2008లో ఒక పరిశోధక బృందం పదకొండు పేద, మధ్యస్థ దేశాల నుంచి వచ్చిన ఇరవైమూడు పరిశోధనలను పరిశీలించి, ఈ నమ్మకాన్ని తిరిగి విచారించవలసి వున్నదని చెప్పింది. ఆ బృందంలో చెన్నైలోని స్కార్ఫ్ సంస్థకు చెందిన డాక్టర్ తార కూడా వున్నారు. అదే సంస్థ 2003లో, స్కిజోఫ్రీనియా వచ్చాక కాపురం చెడిన స్త్రీలను గురించి రాసింది. వారిని సాకుతున్నది వయసుమళ్ళిన తల్లిదండ్రులు. విడాకులు చాలామందికి చట్టప్రకారం కాలేదు. భర్త మళ్ళీ పిలుస్తాడేమోనన్న ఆశతో తాళిని తీయనివారున్నారు.

"గుండెల్లో పెట్టుకునే కుటుంబం" అంటే ఎవరు? మాత్ర మింగించే తల్లి, రాత్రి మేలుకునే అక్క, చదువు మానుకున్న చెల్లెలు. వీరి శ్రమకు పాన్స్‌లో అంశం లేదు. రోగి కోలుకున్నాడని రాసి, ఆ కోలుకోవడానికి ఎవరి బతుకు ఖర్చయిందో రాయని పరిశోధన సగం నిజమే చెబుతుంది. కుటుంబాన్ని పొగిడే కొద్దీ ప్రభుత్వం తన చేతులు దులుపుకోవడం సులువవుతుంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం రకరకాల మానసిక వ్యాధుల్లో చికిత్స అందనివారు నూటికి డెబ్బై నుంచి తొంభై రెండు మంది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. మన రోగులు ఆ లెక్కలోకే రాలేదు.

పరిశోధకుడు వాడే మాట ఆసుపత్రి గోడల మధ్యనే ఆగిపోదు. 1955 హిందూ వివాహ చట్టంలోకి 1976 సవరణతో స్కిజోఫ్రీనియా పేరుతో సహా ఎక్కింది. విడాకులకు అది ఒక ఆధారం. తూర్పు గోదావరి నుంచి వెళ్ళిన ఒక కేసులో, డాక్టరైన భర్త డాక్టరైన భార్యకు ఆ జబ్బున్నదని విడాకులు కోరాడు. కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు రద్దుచేసింది. 2013లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. జబ్బు పేరు చాలదు, కాపురం అసాధ్యమయ్యేంత తీవ్రత వుండాలన్నది. ఆమె ప్రభుత్వ వైద్యురాలిగా పనిచేస్తూనే వున్నదని గుర్తుచేసింది. ఆమెకు చదువున్నది, ఉద్యోగమున్నది, పై కోర్టుదాకా నిలబడే శక్తి వున్నది. అవేవీ లేని స్త్రీకి ఆ చీటీ మీద రాసిన ఒక్క మాట జీవితాంతపు శిక్ష అవుతుంది.

"సత్యం చెప్పడం మా పని, దాన్ని ఎవరెలా వాడుకుంటే మాకేం?" అని కొందరు పండితులంటారు. దీనికి జవాబు మన శిబిరం చరిత్రలోనే వున్నది. దాన్ని దాచుకుంటే మనం విమర్శకులం కాము. సోవియట్ యూనియన్‌లో స్నెజ్నెవ్‌స్కీ పాఠశాల "మందకొడి స్కిజోఫ్రీనియా" అనే నిర్ధారణను తయారుచేసింది. ప్రభుత్వంతో విభేదించిన వారిని ఆ పేరుతో ఆసుపత్రుల్లో బంధించారు. 1983లో సోవియట్ సంఘం ప్రపంచ మనోవైద్యుల సంఘం నుంచి తప్పుకున్నది, లేకపోతే బహిష్కరించేవారు. ఆ డాక్టర్లు కూడా పెద్ద డిగ్రీలున్న వారే. సోషలిజం పేరు పెట్టుకున్నంత మాత్రాన రోగి మాటకు విలువ దానంతటది రాదు. పేద దేశంలో మార్కెట్టు చేసే పనిని అక్కడ రాజ్యం చేసింది: మనిషిని మరొకరి అవసరానికి తగిన పేరుగా మార్చింది.

కనక పరిశోధకుని జీవితాన్ని వ్యాసాల సంఖ్యతో తూచడం చాలదని నా వాదన. అతను కనిపెట్టినది రోగి ఇంటికి రోగి భాషలో తిరిగి వెళ్ళిందా? సాకేవారి శ్రమ అతని పట్టికలో కనిపించిందా? తన మాటను కోర్టులోనో కాపురంలోనో దుర్వినియోగం చేస్తున్నప్పుడు అతను నోరు విప్పాడా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను ప్రతి మనిషి హక్కుగా చెప్పింది. ఆ హక్కు కాగితం దాటి రావాలంటే, కాగితాలు రాసేవారు రోగుల పక్షాన అడగాలి. విద్యార్థులు ఈ రంగంలోకి వెళ్ళవద్దని నేననను. తప్పకుండా వెళ్ళాలి, పెద్ద పదవులకూ ఎదగాలి. కాని తమ పేరు పక్కన చేరిన ప్రతి అక్షరం ఎవరో ఒకరు నమ్మి చెప్పుకున్న మాటలోనుంచి వచ్చిందనీ, ఆ నమ్మకం ఇంకా బాకీ వున్నదనీ తెలిసి వెళ్ళాలి.