పిట్టగోడ ఎవరి కోసం?



మన సహవాసంలో ఎవరూ నాకు అప్పగించని పరిచర్య ఒకటి నేను చేస్తుంటాను. ఎవరు కొత్త ఇల్లు కొన్నా, కారు మార్చినా, ఆదివారం ఆరాధన అయ్యాక ప్లేటు పట్టుకుని నా పక్కన వచ్చి కూర్చుంటారు. "తమ్ముడూ, డోర్‌బెల్ కెమెరా ఏది తీసుకోమంటావు?" "అన్నా, ఇల్లు ఊడ్చే రోబో మన వంటింటి నూనె మరకలకు పనికొస్తుందా?" నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఇంటికీ కారుకీ వచ్చే ఆటోమేటిక్ వస్తువులు తెచ్చి, బిగించి, నాలుగు రోజులు వాడి, ఆన్‌లైన్‌లో రివ్యూ రాయడం నా సరదా. ఆ లింకు మన వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా ఇద్దరు ముగ్గురు ఆర్డర్ పెట్టేస్తారు.

ఇందులో నీతి, పాపం లాంటి పెద్ద మాటలకు చోటుందని నేనెప్పుడూ అనుకోలేదు. కిందటి వేసవిలో ఒక గరాజ్ తలుపు నాకు ఆ సంగతి నేర్పింది.

ఒక చిన్న కంపెనీ నుంచి నాకు మెయిల్ వచ్చింది. పాత గరాజ్ ఓపెనర్‌కు తగిలించుకునే చిన్న పెట్టె వాళ్లు తయారుచేస్తారు. దానితో ఫోన్ నుంచే తలుపు తీయొచ్చు, వేయొచ్చు. తెరిచి మరిచిపోతే పది నిమిషాల తర్వాత దానంతట అదే మూసేస్తుంది. ఉచితంగా పంపుతాం, నచ్చితే ఐదు నక్షత్రాలు ఇవ్వండి అన్నారు. ఆ "నచ్చితే" మర్యాద కోసమేనని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

అరగంటలో బిగించాను. చక్కగా పనిచేసింది. ఒక్క లోపం మాత్రం కనబడింది. దగ్గర మనిషి లేకుండా తలుపు మూసే పరికరం, మూసే ముందు కనీసం 5 సెకన్లు శబ్దం చేయాలి, లైటు కూడా వెలిగించి హెచ్చరించాలి. అమెరికాలో దీనికి భద్రతా ప్రమాణం ఉంది. ఈ పెట్టె ఆ హెచ్చరిక ఏమీ ఇవ్వలేదు. తలుపు ఊరికే దిగడం మొదలుపెట్టింది. అది రివ్యూలో రాయాలనే అనుకున్నాను. రాస్తే ఒకటో రెండో నక్షత్రాలు తగ్గించాలి. తగ్గిస్తే వాళ్లు ఇంకో వస్తువు పంపరు. "మా ఇంట్లో సెన్సర్లు బాగానే ఉన్నాయిగా, ఏమవుతుంది" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఐదు నక్షత్రాలు ఇచ్చాను. ఉచితంగా వచ్చిందన్న మాట కూడా రాయలేదు.

నా మాట నమ్మి మన సహవాసంలోని ఒక అంకుల్ అదే పెట్టె కొన్నారు. వాళ్లది పాత ఇల్లు. ఇక్కడ సెన్సర్ల గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు ఈ తలుపుల కింద నలిగి పిల్లలు చనిపోయారు. అందుకని అమెరికా కాంగ్రెస్ 1990లో చట్టం చేసింది. 1993 జనవరి నుంచి తయారయ్యే ప్రతి ఇంటి గరాజ్ ఓపెనర్‌కూ, తగిలితే వెనక్కి తిరిగే ఏర్పాటుతో పాటు రెండో రక్షణ కూడా ఉండాలి. తలుపుకు ఇటూ అటూ, నేలకు 6 అంగుళాల లోపు ఎత్తులో ఎదురెదురుగా కనిపించే రెండు చిన్న కళ్లు అవే. వాటి మధ్య కిరణానికి ఏదైనా అడ్డొస్తే తలుపు ఆగి వెనక్కి వెళ్లిపోతుంది. అంకుల్ ఇంట్లో పాత యజమాని ఆ కళ్లు మాటిమాటికీ సతాయిస్తున్నాయని, రెండింటినీ ఊడదీసి, పైన అటక మీద ఎదురెదురుగా టేపు వేసి అంటించేశాడు. కిరణానికి ఇక ఏదీ అడ్డు రాదు. కింద ఎవరున్నా తలుపుకు తెలియదు. ఆ సంగతి అంకుల్‌కీ తెలియదు.

ఒక సాయంత్రం, తెనాలి నుంచి వచ్చిన వాళ్ల వియ్యపురాలు గరాజ్ ముందు కుర్చీ వేసుకుని మనవడిని ఆడిస్తున్నారు. వాడికి మూడేళ్లు. మంచినీళ్లు అడిగితే తేవడానికి ఆమె లోపలికి వెళ్లారు. వాడు మూడు చక్రాల సైకిల్‌ను సరిగ్గా తలుపు కిందే వదిలి, బంతి కోసం దిగాడు. తలుపు చప్పుడు లేకుండా బయలుదేరి సైకిల్ మీద కూర్చుంది. తగిలితే వెనక్కి తిరగాల్సిన ఏర్పాటు కూడా పనిచేయలేదు. హ్యాండిల్ వంగిపోయాక గాని మోటారు ఆగలేదు. పిల్లవాడు ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు.

ఆ రాత్రి నేను వెళ్లేసరికి ఆమె ఇంకా వణుకుతూనే ఉన్నారు. కోపం లేకుండా, నిజంగా తెలుసుకుందామనే నన్ను అడిగారు: "దానంతట అదే ఎందుకు దిగింది బాబూ?"

తప్పు ఎవరిది? మా ఆఫీసులో ఏదైనా సిస్టం కూలిపోతే, తర్వాత కూర్చుని కారణాలు రాస్తాం. ఏ మనిషినీ నిందించకూడదన్నది అక్కడి నియమం. అది మంచి నియమమే. భయం లేనప్పుడే నిజం బయటికి వస్తుంది. ఆ పద్ధతిలో చూస్తే ఇక్కడ కారణాలు బోలెడు. సెన్సర్లు ఊడదీసిన పాత యజమాని, హెచ్చరిక పెట్టని కంపెనీ, ఇల్లు కొన్నప్పుడు తనిఖీ చేయించుకోని అంకుల్. అన్నీ నిజాలే. కానీ ఇంటికి తిరిగి వెళ్తూ ఆదికాండము 3వ అధ్యాయం గుర్తొచ్చింది. ఆదాము హవ్వను చూపించాడు, హవ్వ సర్పాన్ని చూపించింది. గమనించండి, ఇద్దరి మాటల్లోనూ అబద్ధం లేదు. జరిగింది అదే. అయినా ఇద్దరూ నిజం వెనకే దాక్కున్నారు. ఏం జరిగిందన్నది ఒక ప్రశ్న. నువ్వేం చేశావన్నది ఇంకో ప్రశ్న. దేవుడు అడిగేది రెండోదే.

నా రివ్యూలో కూడా ఒక్క అబద్ధపు వాక్యం లేదు. బిగించడం తేలిక, నిజం. యాప్ బాగుంది, నిజం. రాయకుండా వదిలిన ఒక్క మాట వల్ల మొత్తం అబద్ధమైంది. పది ఆజ్ఞల్లో పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ కోర్టు సాక్షుల కోసమని చిన్నప్పుడు సండే స్కూల్లో అనుకునేవాణ్ని. రివ్యూ కూడా సాక్ష్యమే. నేను చూశాను, నేను వాడాను, నా మాట నమ్మండి అని చెప్పడమేగా అది. మనం మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పేటప్పుడు వాడే మాటలు కూడా అవే. ఆ రెండు చోట్లా నోరు ఒక్కటే.

2024 అక్టోబరు నుంచి అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి అమలులో ఉంది. మంచిగా రాయాలన్న షరతు మీద ప్రతిఫలం ఇచ్చి రివ్యూలు రాయించుకోకూడదు. చట్టం వ్యాపారిని పట్టుకుంటుంది, మంచిదే. కానీ నన్ను కొన్నది ఆ కంపెనీ ఒక్కటే కాదు. ఇంకో వస్తువు వస్తుందన్న ఆశకు నన్ను నేనే అమ్ముకున్నాను. వాళ్లు చెల్లించిన ధర నలభై డాలర్ల పెట్టె.

యంత్రం చేసిన హానికి యజమాని ఎంతవరకు బాధ్యుడన్నది కొత్త ప్రశ్నలా కనిపిస్తుంది గాని, మోషే కాలానికే ఉంది. నిర్గమకాండము 21లో మనిషిని పొడిచిన ఎద్దు గురించి చదువుతాం. దానికి ముందు ఆ గుణం లేకపోతే ఎద్దును చంపుతారు, యజమాని నిర్దోషి. పొడిచే ఎద్దని ముందే హెచ్చరించినా కట్టేయకుండా వదిలితే మాత్రం యజమాని తన ప్రాణంతో జవాబు చెప్పాలి. ఎద్దు కూడా ఒక విధంగా ఆటోమేటికే. దానంతట అది కదులుతుంది, మన పని తేలిక చేస్తుంది. ధర్మశాస్త్రం అక్కడ ఒకటే అడుగుతుంది: నీకు ముందే తెలుసా? అంకుల్‌కి తెలియదు. నాకు తెలుసు.

కారు విషయంలోనూ ఇంతే. ఈ రోజుల్లో చాలా కార్లు ముందు వాహనాన్ని బట్టి వేగం మార్చుకుంటాయి, లేన్ మధ్యలో వాటంతట అవే నడుస్తాయి. ఆటోమొబైల్ ఇంజనీర్లు పెట్టుకున్న 0 నుంచి 5 వరకు ఉన్న మెట్లలో ఇది 2వ మెట్టు. స్టీరింగు, వేగం రెండూ కారే చూసుకున్నా, కళ్లూ బాధ్యతా డ్రైవరువే. ముందు రోడ్డు మీద ఆగి ఉన్న వాహనాన్ని ఈ ఏర్పాటు గుర్తించకపోవచ్చని కారుతో ఇచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు? "డల్లాస్ నుంచి హ్యూస్టన్ దాకా చెయ్యి పెట్టలేదు బ్రదర్" అని నేనే ఒకసారి గ్రూపులో గొప్పగా రాశాను. మరుసటి నెల ఒక తమ్ముడు, హైవే మీద ఫోన్‌లో వీడియో చూస్తూ వచ్చానని నవ్వుతూ చెప్పాడు. అప్పుడు నేను కూడా నవ్వాను.

అలాగని వీటన్నిటినీ పారేయమని చెప్పడం లేదు. ఒక పిల్లల డాక్టరు తన ఇంటి ముందే కారు వెనక్కి తీస్తుండగా, కనబడక, సొంత బిడ్డే చక్రాల కింద పడి చనిపోయాడు. ఆ తండ్రి, అలాంటి దుఃఖమే పడిన ఇతర తల్లిదండ్రులు ఏళ్ల తరబడి తిరిగితే 2008లో చట్టం వచ్చింది. ఇక్కడ 2018 మే నుంచి తయారయ్యే ప్రతి కొత్త కారుకూ వెనక కెమెరా ఉండాల్సిందే. రివర్స్ వేసిన ప్రతిసారీ ఆ తెర వెలుగుతుంది. అది ఒక తండ్రి కట్టిన పిట్టగోడ అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

పిట్టగోడ మాట ఊరికే అనలేదు. ద్వితీయోపదేశకాండము 22:8లో కొత్త ఇల్లు కట్టేవాడికి ఒక ఆజ్ఞ ఉంది. ఎవరైనా పైనుంచి పడితే ఆ రక్తం ఇంటి మీదికి రాకుండా, కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. మన ఊళ్లలో డాబాల మీద పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వడియాలు ఎండబెట్టినా, వేసవి రాత్రి పక్కలు వేసుకున్నా, ఇంటివాడికి అంచు ఎక్కడుందో చీకట్లో కూడా తెలుసు. పిట్టగోడ అతని కోసం కాదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల కోసం, గాలిపటం వెంట పరుగెత్తే పిల్లవాడి కోసం. రివ్యూ చదివేవాళ్లు వేరు, తలుపు కింద నిలబడేవాళ్లు వేరు. ఆ పసివాడు నా రివ్యూ చదవలేదు. తెనాలి అమ్మమ్మ చదవలేదు. చదవలేనివాళ్ల తరఫున కూడా నేను రాయాలన్నదే నేను మరిచిన సంగతి.

"ఆటోమేటిక్" అన్న మాటకు మూలమైన గ్రీకు పదం కొత్త నిబంధనలో రెండే చోట్ల వస్తుంది. మార్కు 4లో, భూమి తనంతట తానే పంట ఇచ్చినప్పుడు. అపొస్తలుల కార్యములు 12లో, చెరసాల నుంచి వస్తున్న పేతురు ఎదుట ఇనుప గవిని దానంతట అదే తెరుచుకున్నప్పుడు. మొదటి చోట కూడా విత్తేది మనిషే, కొడవలి పట్టేది మనిషే. రెండో చోట, గవిని దాటి ఒక వీధి నడిచాక దూత వెళ్లిపోయాడు. తర్వాత పేతురు విశ్వాసుల ఇంటికి వెళ్తే ఆ తలుపు దానంతట అది తెరుచుకోలేదు. రొదే అనే చిన్నది సంతోషంతో తెరవడం మరిచి లోపలికి పరుగెత్తితే, లోపలివాళ్లు లేచి వచ్చి తీసేదాకా అతను తడుతూనే ఉన్నాడు. దేవుడు తనంతట తాను చేసేవి కొన్ని ఉన్నాయి. మనం లేచి చేయాలని వదిలినవి కొన్ని ఉన్నాయి.

ఆ వారమే పాత రివ్యూ తీసేసి కొత్తది రాశాను. పెట్టె ఉచితంగా వచ్చిందనీ, హెచ్చరిక లేదనీ, ముందే తెలిసి రాయలేదనీ. కంపెనీ మళ్లీ మెయిల్ పెట్టలేదు. అంకుల్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రేపు పొద్దున్నే రా, ఆ కళ్లు కిందికి దించుదాం" అన్నారు.

శనివారం ఇద్దరం కలిసి సెన్సర్లు వాటి చోట బిగించాం. తలుపు బలం సరిచేశాం. ఒకటిన్నర అంగుళాల మందం చెక్కను తలుపు కింద నేల మీద పరిచి మూసి చూశాం. చెక్కకు తగలగానే తలుపు వెనక్కి తిరగాలి. తిరిగింది. అమ్మమ్మ గారు గుమ్మంలో నిలబడి మూడుసార్లు మళ్లీ మళ్లీ చేయించుకుని చూశారు. ఆ చెక్క కారులో వేసుకుని సహవాసంలో ఇంకో నాలుగు ఇళ్లకు వెళ్లాం. రెండు ఇళ్లలో తలుపు ఆగలేదు.

ఈ వారం మీరూ ఒక చెక్క పెట్టి చూడండి. ఆ పని చేయడానికి ఏ యాపూ లేదు.