ముందు పంపకం, తర్వాతే మాఫీ

తండ్రి చనిపోయి నలభై రోజులైనా గడవక ముందే చాలా ఇళ్ళలో ఒక మాట బయలుదేరుతుంది: ‘ఇల్లు అమ్మేద్దాం.’ పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ముస్లిం కుటుంబాలలో ఈ మాటకు కారణం లేకపోలేదు. ఒక కొడుకు దుబాయిలోనో, రియాద్‌లోనో పని చేస్తుంటాడు. మరొకడు హైదరాబాదులో స్థిరపడతాడు. కూతుళ్ళు కోరుట్లలోనో, నిర్మల్‌లోనో అత్తవారిళ్ళలో ఉంటారు. తండ్రి కట్టిన పెంకుటింట్లో ముసలి తల్లి ఒక్కతే మిగులుతుంది. బేరం కుదురుతుంది. బయానా ముడుతుంది. ఆడపిల్లలను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పిలిపించి ‘సంతకం పెట్టమ్మా’ అంటారు. ఆమె పెడుతుంది. ఎంత వచ్చిందని ఆమె అడగదు. ఇంత వచ్చిందని వీళ్ళు చెప్పరు. ‘మా చెల్లె తన వాటా మాఫీ చేసింది’ అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటారు.

ఆ మాఫీ మనుషుల దగ్గర చెల్లింది. అల్లాహ్ దగ్గర చెల్లుతుందా?

ఇల్లు ఎవరిది?

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలివెళ్ళిన ఆస్తిలో పురుషులకూ స్త్రీలకూ వాటా ఉందనీ, అది కొంచెమైనా ఎక్కువైనా నిర్ణీతమైనదేననీ అన్నిసా సూరా 7వ ఆయత్ ప్రకటించింది. తండ్రి కన్ను మూసిన క్షణంలోనే ఆ వాటా వారసుల సొంతమైపోతుంది. అన్నదమ్ములు ఇస్తే వచ్చేది కాదది. వారు ఇవ్వకపోతే పోయేదీ కాదు.

కొన్ని దేశాలలో వీలునామాను కోర్టు ధ్రువీకరించి, అనుమతి ఇచ్చేదాకా చనిపోయినవారి ఇంటిని అమ్మడం కుదరదు. దీనినే ప్రొబేట్ అంటారు. మన దేశంలో ముస్లిములకు అది తప్పనిసరి కాదు. 1937 నాటి షరీఅత్ చట్టం ప్రకారం ఇటువంటి ఇళ్ళ వారసత్వానికి షరీఅతే వర్తిస్తుంది. తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రం వారసులెవరో చెబుతుందే గాని వాటాలు పంచిపెట్టదు. అంటే, మన గుమ్మం ముందు నిలబడి ‘ముందు అందరి హక్కులూ తేల్చండి’ అని అడిగే అధికారి ఎవరూ లేరు. దైవభీతి ఒక్కటే మనకు కాపలా. కాబట్టి మన బాధ్యత తగ్గలేదు, మరింత పెరిగింది.

అప్పులు, మహర్

పంపకానికి ముందు కొన్ని పనులున్నాయి. మృతుని ఆస్తి నుంచి మొదట కఫన్, దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు, ఆ తర్వాత మూడో వంతుకు మించకుండా వసీయత్ చెల్లించాలి. ఇద్దరు దీనార్ల అప్పు మిగిల్చిపోయిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సల్లం) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తనమీద వేసుకున్న తర్వాతే చేయించారు. భార్యకు చెల్లించకుండా ఉండిపోయిన మహర్ కూడా అప్పే. ‘ఇప్పుడు అమ్మకు మహర్ ఎందుకు?’ అనే కొడుకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని వదిలి చనిపోయాడు. ఆయన తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. ఇల్లు 40 లక్షలకు అమ్ముడుపోయింది. బయటి అప్పులు 7 లక్షలు, మహర్ 1 లక్ష తీసేస్తే 32 లక్షలు మిగిలాయి. ఇందులో ఎనిమిదో వంతు, అంటే 4 లక్షలు భార్యవి. మిగిలిన 28 లక్షలలో కొడుకులకు తలా 11 లక్షల 20 వేలు, కూతురికి 5 లక్షల 60 వేలు. తల్లికి 5 లక్షలు ఇచ్చి కాగితం పూర్తిచేశామనుకుంటే కూతురి డబ్బు ఎవరి జేబులో ఉన్నట్టు?

ఉహుద్ అమరవీరుని కూతుళ్ళు

ఈ ప్రశ్న కొత్తది కాదు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఉహుద్ యుద్ధంలో అమరులయ్యారు. ఆయన సోదరుడు ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడు. ఆయన భార్య తన ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చి మొరపెట్టుకున్నారు. వారసత్వ ఆయత్ అవతరించింది. కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తీసుకోమని ఆ సోదరుణ్ణి ఆయన ఆదేశించారు. పురుషుని గుప్పిట్లో ఉన్న ఆస్తిని ఆడపిల్లల చేతికి ఇప్పించిన తీర్పు ఇది.

వారసులలో మైనర్లుంటే విషయం మరింత సున్నితమైనది. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో అగ్నిని నింపుకుంటున్నారని అదే సూరా 10వ ఆయత్ హెచ్చరించింది. ఒక వితంతువు తన వాటాతో పాటు పసిపిల్లల వాటాను కూడా అమ్మిన ఇమాంబాందీ కేసులో, ఆమె చేసిన అమ్మకానికి పిల్లలు కట్టుబడనక్కరలేదని 1918లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ సయ్యద్ అమీర్ అలీ. కన్నతల్లికే లేని అధికారం అన్నలకు, బాబాయిలకు ఎక్కడిది? అటువంటి వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి.

చెల్లెలి మాఫీ

ఇక మాఫీ సంగతి. ‘పెళ్ళికి ఖర్చు పెట్టాం, జహేజ్ ఇచ్చాం’ అంటారు కొందరు. తండ్రి బతికుండగా ఇచ్చినది కానుక, వారసత్వం కాదు. ‘ఆమే వద్దంది’ అంటారు మరికొందరు. ఎందుకు వద్దంది? వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని భయపడింది. పండుగకు పిలిచే అన్న ఉండడని బెదిరింది. భయంతో పెట్టిన సంతకం మనస్ఫూర్తిగా ఇచ్చిన కానుక అవుతుందా?

‘నా హక్కు వదిలేశాను’ అన్నంత మాత్రాన వారసుని హక్కు రద్దు కాదని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. తన వాటాకు బదులుగా ఒప్పుకున్న సొమ్ము తీసుకుని తప్పుకోవచ్చు. లేదా, వాటా తన చేతికి వచ్చాక ఇష్టమైనవారికి ఇచ్చుకోవచ్చు.

పాత వారసత్వ వివాదంతో ఇద్దరు మనుషులు దైవప్రవక్త (సల్లం) వద్దకు వచ్చారు. ఎవరి దగ్గరా సాక్ష్యం లేదు. మాటకారితనం వల్ల తాను ఒకరికి సోదరుని హక్కును ఇప్పిస్తే, అది అగ్నిఖండమేనని ఆయన హెచ్చరించారు. ఇద్దరూ ఏడ్చేశారు. ‘నా హక్కు నీదే’ అని ఒకరికొకరు వదులుకున్నారు. అయినా ఆయన అంతటితో సరేనని పంపెయ్యలేదు. న్యాయంగా పంచుకోండి, చీట్లు వేసుకోండి, ఆ తర్వాత ఒకరినొకరు మన్నించుకోండి అన్నారు. క్రమం గమనించండి. మొదట పంపకం, మాఫీ చివరన! కన్నీళ్ళతో వదులుకున్నవారికే ఈ ఆదేశమైతే, లెక్క కూడా తెలియని చెల్లెలి సంగతేమిటి?

ఎలా అమ్మాలి?

బేరానికి ముందే వారసులందరూ కూర్చోవాలి. గల్ఫ్‌లో ఉన్నవారిని ఫోనులో కలుపుకోవాలి. అప్పులు, మహర్, వాటాలు కాగితం మీద రాసి అందరికీ వినిపించాలి. తల్లి ఎక్కడ ఉంటుందో ఆ రోజే తేల్చాలి. ఆమెను కొడుకుల ఇళ్ళ మధ్య సామానులా తిప్పకూడదు. బయటివారికి అమ్మే ముందు, కొనగల వారసుడెవరైనా ఉంటే అతణ్ణి అడగాలి. పంచని ఆస్తిలో భాగస్థునికి షుఫా హక్కును దైవప్రవక్త (సల్లం) ఇచ్చారు. డబ్బు రాగానే ఆడపిల్ల వాటాను ఆమె చేతికో, ఆమె ఖాతాలోకో చేర్చాలి. మిడ్‌మానేరు, ఎల్లంపల్లి జలాశయాల కింద మునిగిన తండ్రి ఇళ్ళకు వచ్చిన పరిహారానికీ ఇదే నియమం. పెద్దకొడుకు పేరున చెక్కు వచ్చినంత మాత్రాన సొమ్మంతా అతనిది కాదు.

వాటా చేతికందిన తర్వాత కూడా ఆ చెల్లె సంతోషంగా ‘అన్నా, ఇది నువ్వే ఉంచుకో’ అంటే, అది నిజమైన మాఫీ. అనకపోతే, ఆమె తన హక్కు తాను తీసుకుంది. ఆమె మీద కోపగించుకునే హక్కు మనకు లేదు. పండుగకు పిలుపు అప్పుడూ ఆగకూడదు.

వారసత్వ నియమాలను అల్లాహ్ తన హద్దులుగా పేర్కొన్నాడు. ఆ హద్దులు దాటకుండా, హలాల్ సొమ్ముతోనే మన పిల్లలను పెంచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.